గిటారు కొంటున్నారా? మెరుపు కాదు, తీగలెత్తు చూడండి!

అమ్మాయి ముచ్చటపడిందని చవకలో గిటారు కొనిస్తాం. పది రోజులకే "వేళ్ళు నొప్పెడుతున్నాయమ్మా" అంటూ మూలన పెట్టేస్తుంది. తప్పు పిల్లది కాకపోవచ్చు. తీగలు మరీ ఎత్తుగా ఉంటే ఎవరికైనా అంతే! అందుకే డబ్బు కట్టేముందు షాపులోనే ఇవి చూడండి.

* వీణకు మెట్లున్నట్టే గిటారుకు ఫ్రెట్లుంటాయి. ఉక్కు తీగల గిటారుకి పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద సందు సుమారు 2.5, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

* మెడ అంచు వెంట చెయ్యి జారిస్తే ఫ్రెట్ల కొసలు గుచ్చుకోకూడదు.

* ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటించండి. గరగరమంటే మరొకటి చూపించమనండి.

* తీగలు బిగించే బ్రిడ్జి వెనక కాగితం దూరుతోందా? అది ఊడొస్తున్నట్టే!

ప్లైవుడ్‌దని చిన్నచూపు వద్దు. ఒకే చెక్కతో చేసిన పైపలకకు నాదం ఎక్కువే కానీ, ఎండకూ తేమకూ పగుళ్ళిచ్చే భయం ప్లైవుడ్‌కే తక్కువ. అయినా ఎండలో నిలిపిన కారులో మాత్రం ఉంచకండి, జిగురు మెత్తబడుతుంది.

తీగలు కాస్త ఎత్తనిపిస్తే బ్రిడ్జి మీది తెల్ల పట్టీని అడుగున అరగదీయించి దించుకోవచ్చు. మెడే మెలితిరిగి ఉంటే మాత్రం, ఎంత చవకైనా వద్దనండి!