బార్సిలోనా ట్రిప్‌లో కొత్త ఫోన్ కంటే పాత ఫోనే ముఖ్యం!

టెక్ ఫాలో అయ్యేవాళ్లకి బార్సిలోనా పేరు కొత్తేం కాదు. 2006 నుంచి మొబైల్ వరల్డ్ కాంగ్రెస్‌కి ఈ ఊరే వేదిక. ఫోల్డబుల్స్, కాన్సెప్ట్ ఫోన్లు... ఎన్నింటినో మనం మొదటిసారి చూసింది అక్కడి స్టేజీల మీదే. అయితే మధ్యధరా తీరంలోని ఈ అందమైన ఊరికి ఇంకో పేరు కూడా ఉంది. టూరిస్టుల ఫోన్లు కొట్టేయడంలో ఇక్కడి జేబుదొంగలు మహా ఫాస్ట్!

ఫోన్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు. అసలు సమస్య అది కాదు. బోర్డింగ్ పాస్, హోటల్ బుకింగ్, మ్యాప్, బ్యాంక్ ఓటీపీ అన్నీ అందులోనే ఉంటాయి. వేరే ఫోన్‌లో జీమెయిల్ ఓపెన్ చేద్దామంటే, వెరిఫికేషన్ కూడా పోయిన ఫోన్‌కే వెళ్తుంది. అప్పుడేం చేస్తారు?

డ్రాయర్‌లో ఉన్న పాత ఫోన్ తీయండి

ఇండియా సిమ్‌ని పాత ఫోన్‌లో వేసి, బయల్దేరే ముందే రోమింగ్ యాక్టివేట్ చేయించుకోండి. డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో పెట్టండి, లేదంటే బిల్లు వాచిపోతుంది. అందులో మీ గూగుల్ లేదా యాపిల్ అకౌంట్‌తో లాగిన్ అయి, హోటల్ రూమ్‌లోనే ఉంచేయండి. మెయిన్ ఫోన్‌లో ట్రావెల్ ఈసిమ్ వేసుకుని తిరగండి. మెయిన్ ఫోన్ పోయినా ఓటీపీలు సేఫ్. రూమ్‌కి రాగానే పాత ఫోన్ నుంచే దాన్ని లాక్ చేయొచ్చు, డేటా చెరిపేయొచ్చు.

ఇందులో ఒక మైనస్ ఉంది. బయట ఉన్నప్పుడు ఓటీపీ అవసరమైతే రూమ్‌కి రావాల్సిందే. అందుకే కార్డ్‌లో ఇంటర్నేషనల్ యూసేజ్, ట్యాప్ పేమెంట్ ముందే ఆన్ చేసుకోండి. షాపులో కార్డ్ ట్యాప్ చేస్తే ఓటీపీ అడగదు.

ఈ సెట్టింగ్స్ మర్చిపోవద్దు

ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్, ఐఫోన్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ డయల్ చేస్తే ఐఎంఈఐ నంబర్ వస్తుంది. దాన్నీ, గూగుల్ బ్యాకప్ కోడ్స్‌నీ కాగితం మీద రాసి సూట్‌కేసులో పెట్టండి. పోలీస్ కంప్లైంట్‌కి ఐఎంఈఐ కావాలి, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి ఆ కంప్లైంట్ కాపీ కావాలి.

ఎక్కడ జాగ్రత్త?

లా రాంబ్లా వీధిలో, మెట్రోలో, బార్సెలొనెటా బీచ్‌లో కళ్లు తెరుచుకుని ఉండాలి. మెట్రోలో డోర్ పక్కన నిలబడి రీల్స్ చూడొద్దు. డోర్లు మూసుకునే క్షణంలో ఫోన్ లాక్కుని దిగిపోతారు. కెఫేలో టేబుల్ మీద ఫోన్ పెట్టారా? ఎవరో వచ్చి మ్యాప్ పరిచి అడ్రస్ అడుగుతారు, మ్యాప్‌తో పాటు ఫోన్ కూడా మాయం! బీచ్‌లో ఈతకి దిగేటప్పుడు టవల్ కింద దాచడం దాచడమే కాదు.

ఫోన్ బయటికి తీయాల్సిన చోటు

అలాగని జేబులోనే పెట్టుకుని తిరగమనట్లేదు. గౌడీ డిజైన్ చేసిన సగ్రడా ఫ్యామిలియా చర్చి పని 1882లో మొదలైంది. టికెట్లు ఆన్‌లైన్‌లో, టైమ్ స్లాట్ ప్రకారం ఇస్తారు. ప్రింట్ కూడా దగ్గర ఉంచుకోండి. లోపల రంగు అద్దాల్లోంచి ఉదయం తూర్పు వైపు నీలం, ఆకుపచ్చ వెలుగు, సాయంత్రం పడమర వైపు ఎరుపు, నారింజ వెలుగు పడుతుంది. ఆటో మోడ్‌లో వదిలేస్తే అద్దాలు తెల్లగా పాలిపోతాయి. అద్దం మీద ట్యాప్ చేసి, బ్రైట్‌నెస్ స్లైడర్ కిందికి లాగి క్లిక్ చేయండి. స్తంభాలు చెట్లలా పైకి విచ్చుకుంటాయి కాబట్టి వాటికి అల్ట్రావైడ్ బెస్ట్.

రూమ్‌కి రాగానే వైఫైలో ఫొటోలు బ్యాకప్ చేసేయండి. ఫోన్ మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ సాయంత్రం వెలుగు మాత్రం మళ్లీ దొరకదు.