ఒక్క ముక్కతో ప్రాణం మీదకు.. చిన్నారికి తీవ్రమైన ఫుడ్ అలర్జీ ఉంటే తల్లిదండ్రులు ఏం చేయాలి?

ఆదివారం సాయంత్రం. జూబ్లీహిల్స్‌లోని ఓ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో బర్త్‌డే పార్టీ జరుగుతోందనుకుందాం. బెలూన్లు, మ్యాజిక్ షో, పిల్లల గోల. ఆయా చంక దిగిన రెండేళ్ల బాబు టేబుళ్ల మధ్య తిరుగుతున్నాడు. అటుగా వచ్చిన ఓ పెద్దావిడ "నా బంగారు కొండ" అంటూ బుగ్గ గిల్లి, ప్లేటులోని కాజూ కత్లీ చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టింది. ఐదు నిమిషాలకు బాబు పెదాలు ఉబ్బాయి. ఒళ్లంతా దద్దుర్లు. ఒక వాంతి. ఆ వెంటనే దగ్గు, గొంతు బొంగురు. బాబుకు జీడిపప్పు పడదని అమ్మకు తెలుసు, ఆయాకూ తెలుసు. పెట్టిన ఆవిడకే తెలియదు.

ఇది ఊహించిన సీనే. కానీ తీవ్రమైన ఫుడ్ అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ప్రతి ఫంక్షన్‌లో భయపడేది సరిగ్గా ఇలాంటి దాని గురించే. మన దగ్గర పిల్లల మీద ప్రేమంటే ముందు ఏదో ఒకటి తినిపించడమే. అందుకే తల్లిదండ్రులు ఒక్కరే జాగ్రత్తగా ఉంటే సరిపోదు. బిడ్డకు తిండి పెట్టే ప్రతి చేతికీ విషయం తెలియాలి. అసలు ఈ అలర్జీ ఏంటి? ప్రమాదాన్ని ఎలా గుర్తించాలి? ఆ నిమిషంలో ఏం చేయాలి? ఇప్పుడు చూద్దాం.

'పడకపోవడం' వేరు.. అలర్జీ వేరు

ఏది తిన్నా కడుపు ఉబ్బరం, విరేచనం అయితే "పడలేదు" అనేస్తాం. అదంతా అలర్జీ కాదు. ఉదాహరణకు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగకపోతే కడుపు ఇబ్బంది పెడుతుంది తప్ప ప్రాణాపాయం ఉండదు. అలర్జీలో జరిగేది వేరు. ఆహారంలోని ప్రొటీన్‌ను శరీరంలోని రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడుతుంది. దానిపై ఐజీఈ అనే యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. మళ్లీ ఆ ఆహారం లోపలికి వెళ్లగానే హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. లక్షణాలు ఎక్కువగా నిమిషాల్లో, సాధారణంగా రెండు గంటల లోపే కనిపిస్తాయి. చర్మంతో ఆగకుండా శ్వాస, రక్తప్రసరణ దాకా వెళ్తే దాన్ని 'అనాఫిలాక్సిస్' అంటారు. ఇది ఎమర్జెన్సీ.

పసిపిల్లల్లో ఎక్కువగా కనిపించేవి పాలు, గుడ్డు అలర్జీలు. గోధుమ, పల్లీలు, జీడిపప్పు లాంటి నట్స్, నువ్వులు, సోయా, చేపలు, రొయ్యలు కూడా జాబితాలో ఉన్నాయి. ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఆవు పాలు పడట్లేదంటే "గేదె పాలు పట్టండి, మేక పాలు పట్టండి" అని పెద్దవాళ్లు సలహా ఇస్తారు. కానీ ఈ పాలలోని ప్రొటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆవు పాల అలర్జీ ఉన్న బిడ్డకు గేదె పాలు, మేక పాలు కూడా ప్రమాదమే. బదులుగా ఏం పట్టాలో డాక్టరే చెప్పాలి.

టెస్టు పాజిటివ్ వస్తే అలర్జీ ఉన్నట్టేనా?

కాదు. చాలామందికి తెలియని విషయం ఇదే. కర్ణాటకలో పెద్దవాళ్లపై చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి యాంటీబాడీలు కనిపించాయి. లక్షణాలతో కలిపి చూస్తే అలర్జీ ఉండే అవకాశం ఉన్నవాళ్లు 1.2 శాతమే తేలారు. అంటే రిపోర్టు ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు.

వందల పదార్థాలకు ఒకేసారి టెస్టు చేయించి, పాజిటివ్ వచ్చినవన్నీ మాన్పించేస్తే ఎదిగే బిడ్డకు పోషకాహారం అందదు. ఏం తిన్నాక, ఎంతసేపటికి, ఏం జరిగింది.. డాక్టర్‌కు ముందు కావాల్సింది ఈ వివరాలే. దద్దుర్లు వచ్చినప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఉపయోగపడుతుంది. దాన్ని బట్టి స్కిన్ ప్రిక్ టెస్టు, ఐజీఈ రక్త పరీక్ష చేస్తారు. అనుమానం తీరకపోతే ఆసుపత్రిలోనే, డాక్టర్ల సమక్షంలో ఆ పదార్థాన్ని కొంచెం కొంచెంగా తినిపించి చూస్తారు. ఈ ప్రయోగం ఇంట్లో అస్సలు చేయకూడదు.

మాటలు రాని బిడ్డ ఎలా చెబుతుంది?

"గొంతు పట్టేస్తోంది" అని ఏడాదిన్నర బిడ్డ చెప్పలేదు. కాబట్టి గమనించాల్సింది పెద్దవాళ్లే. నాలుకను చేత్తో లాక్కోవడం, నోట్లో వేళ్లు పెట్టుకోవడం, ఉన్నట్టుండి ఏడుపు గొంతు మారడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, మళ్లీ మళ్లీ వాంతులు, మొహం పాలిపోవడం.. ఇవన్నీ సంకేతాలే. అప్పటిదాకా ఆడుకున్న బిడ్డ ఒక్కసారిగా వాడిపోయి భుజం మీద వాలిపోతే "నిద్రొచ్చిందేమో" అని పడుకోబెట్టేయొద్దు. కొందరు పిల్లల్లో దద్దుర్లు లేకుండానే అనాఫిలాక్సిస్ రావచ్చు. చర్మం బాగుంది కదా అని ధీమాగా ఉండకూడదు.

ముందు ఇంజెక్షన్.. తర్వాతే ఆసుపత్రి

అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు అడ్రినలిన్. సెటిరిజిన్ లాంటి అలర్జీ సిరప్ దురదను తగ్గిస్తుందే తప్ప మూసుకుపోతున్న శ్వాసనాళాన్ని తెరవలేదు. సిరప్ పట్టి "చూద్దాం" అని కూర్చోవడమే ప్రాణాల మీదకు తెస్తుంది.

విదేశాల్లో పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టర్లు ఇస్తారు. తొడకు గట్టిగా నొక్కితే చాలు. మన మెడికల్ షాపుల్లో అవి మామూలుగా దొరకవు. ముక్కులో కొట్టే అడ్రినలిన్ స్ప్రేకు అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. 2025లో నాలుగేళ్లు దాటి, 15 కిలోలకు పైగా బరువున్న పిల్లలకూ ఓకే చెప్పారు. అంటే ఏడాది, రెండేళ్ల బిడ్డకు అది ఇంకా పనికిరాదు.

మరి మన దగ్గర దారేంటి? తీవ్రమైన అలర్జీ ఉందని తేలిన పిల్లల తల్లిదండ్రులకు అడ్రినలిన్ ఆంపూల్, సిరంజి ఇంట్లో ఉంచుకుని వాడటం డాక్టర్లే నేర్పిస్తారు. ఈ ఆంపూల్ ఖరీదు చాలా తక్కువ. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. అంటే ఒక మిల్లీలీటర్‌లో ఒక మిల్లీగ్రాము ఉండే ఆంపూల్ అయితే 10 కిలోల బిడ్డకు 0.1 మిల్లీలీటర్ మాత్రమే. ఇంత చిన్న కొలత కంగారులో తప్పే అవకాశం ఉంది. అందుకే బిడ్డ బరువుకు ఎంతో డాక్టర్‌తో రాయించుకుని, సిరంజి మీద గీత ఎక్కడి దాకో గుర్తు పెట్టించుకుని, నీళ్లతో ప్రాక్టీస్ చేయాలి. బిడ్డ బరువు పెరిగిన కొద్దీ మోతాదు మార్పించుకోవాలి.

ఆ నిమిషంలో చేయాల్సినవి ఇవే:

- తొడ బయటి వైపు, మధ్య భాగంలో కండరానికి అడ్రినలిన్ ఇవ్వాలి.
- వెంటనే 108కి ఫోన్ చేసి 'అనాఫిలాక్సిస్' అన్న మాట చెప్పాలి. ఈ అంబులెన్స్ సర్వీస్ 2005 ఆగస్టు 15న మొదలైంది హైదరాబాద్‌లోనే.
- బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టాలి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టుకోవచ్చు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. నిలబెట్టడం, నడిపించడం, భుజాన నిటారుగా ఎత్తుకుని పరుగెత్తడం వద్దు.
- 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే, డాక్టర్ ముందే చెప్పి ఉంటే రెండో డోసు ఇవ్వాలి.
- తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టే అవకాశం ఉంది.

సాయంత్రం ఏడు గంటలకు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల పెద్ద ఆసుపత్రులు ఎన్ని ఉన్నా, రెడ్ సిగ్నల్ దగ్గర గడిచే పది నిమిషాల్లో ఆ సిరంజే కాపాడాలి. దాన్ని ఎండాకాలం కారు డ్యాష్‌బోర్డులో వదిలేయకూడదు. వేడికి, వెలుతురుకు మందు పాడవుతుంది. బిడ్డ ఎక్కడుంటే ఆ పౌచ్ అక్కడే ఉండాలి. ఎక్స్‌పైరీ తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోవాలి.

మన వంటింట్లో దాక్కున్న అలర్జీలు

పల్లీ చట్నీ, నువ్వులుండ అంటే కనిపిస్తాయి. కనిపించనివే అసలు సమస్య. రెస్టారెంట్ గ్రేవీ చిక్కదనానికి జీడిపప్పు పేస్ట్ వేస్తారు. హలీమ్‌లో గోధుమ ఉంటుంది. పొడి ఇంగువలో చాలా బ్రాండ్లు గోధుమ పిండి లేదా మైదా కలుపుతాయి. బాగా రిఫైన్ చేసిన పల్లీ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు కానీ, ఇప్పుడు అందరూ ఇష్టపడుతున్న గానుగ నూనెలో మిగిలి ఉండొచ్చు. గుళ్లో పెట్టే పులిహోరలో పల్లీలు, చక్కెర పొంగలిలో జీడిపప్పు, నెయ్యి ఉంటాయి. ప్రసాదం కళ్లకద్దుకుని పెద్దవాళ్లు తీసుకుంటే చాలు, బిడ్డకు పెట్టకపోతే అపచారమేమీ కాదు.

ఒకే గరిటె, ఒకే నూనె, ఒకే మిక్సీ జార్ వాడినా ప్రమాదమే. పల్లీ పొడి కొట్టిన జార్‌ను నీళ్లతో కడిగేస్తే సరిపోదు. సబ్బుతో బాగా తోమాలి. చేతులకు కూడా శానిటైజర్ పనికిరాదు. అది క్రిములను చంపుతుంది కానీ పల్లీ ప్రొటీన్‌ను తొలగించదు. సబ్బు, నీళ్లే కావాలి.

ప్యాకెట్ ఫుడ్ అయితే లేబుల్ చదవాల్సిందే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్డు, చేపలు, రొయ్యల జాతి, పల్లీలు, నట్స్, సోయా ఉంటే విడిగా ప్రకటించాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. కాబట్టి నువ్వుల అలర్జీ ఉంటే పదార్థాల వరుస మొత్తం చదవాలి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా తప్పనిసరి జాబితాలో చేరాయి.

లేబుల్ ఎంత ముఖ్యమో చెప్పడానికి లండన్ అమ్మాయి నటాషా కథ చాలు. 15 ఏళ్ల నటాషా ఎడ్నన్ లాపెరూజ్ 2016లో విమానం ఎక్కే ముందు కొనుక్కున్న శాండ్‌విచ్ తిని చనిపోయింది. బ్రెడ్ పిండిలో నువ్వులు కలిశాయి, ఆ సంగతి కవర్ మీద లేదు. ఆ తర్వాతే బ్రిటన్‌లో చట్టం మారింది. 2021 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన దాన్ని 'నటాషా లా' అంటారు. మన స్వీట్ షాపులు, బేకరీల్లో విడిగా అమ్మేవాటికి లేబులే ఉండదు. అందుకే "ఇందులో ఏమేం వేశారు?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఆయా, నానమ్మ, డ్రైవర్.. అందరికీ ట్రైనింగ్

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లో అమ్మానాన్న ఇద్దరూ షూటింగులు, ఆఫీసులు, మీటింగులతో బయట ఉండే ఇళ్లు ఎన్నో. బిడ్డ రోజులో ఎక్కువ భాగం ఆయా, వంటమనిషి, అమ్మమ్మ, ప్లే స్కూల్ టీచర్ల చేతుల్లోనే ఉంటుంది. "జాగ్రత్తగా చూసుకో" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏం పెట్టకూడదో బొమ్మలతో ఒక కాగితం ఫ్రిజ్ మీద అంటించాలి. లక్షణాలు, సిరంజి ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు వచ్చిన భాషలో రాయాలి. మూడు నెలలకోసారి అందరితో చేయించి చూడాలి. ఆయా మారితే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. పొరపాటున పెట్టేస్తే తిట్టకూడదు. తిడతారన్న భయంతో దాచిపెడితేనే అసలు ప్రమాదం.

పెద్దవాళ్లతో సమస్య వేరు. "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుంది" అంటారు. వాళ్లతో వాదించే బదులు ఒకసారి డాక్టర్ దగ్గరకు వెంట తీసుకెళ్తే మేలు. ఇంట్లో చెబితే వినని మాట డాక్టర్ చెబితే వింటారు. కోడలు గర్భంతో ఉన్నప్పుడు ఏదో తినడం వల్లే ఇలా అయిందన్న మాటలకు ఆధారం లేదు.

ముందే ఆపొచ్చా? పెద్దయ్యాక తగ్గుతుందా?

ఒకప్పుడు పల్లీలు లాంటివి ఆలస్యంగా మొదలుపెట్టమనేవారు. 2015లో వచ్చిన 'లీప్' అధ్యయనం ఆ ఆలోచనను తలకిందులు చేసింది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలను తీసుకున్నారు. ఐదేళ్లు వచ్చేసరికి పల్లీలు తినని గ్రూపులో 17.2 శాతం మందికి, తిన్న గ్రూపులో 3.2 శాతం మందికే పల్లీ అలర్జీ వచ్చింది. అన్నప్రాశన తర్వాత అన్నిరకాలూ మెల్లగా అలవాటు చేయడం మంచిదే అన్నమాట. ఎగ్జిమా ఎక్కువగా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టర్‌ను అడగాలి. పల్లీలను మెత్తటి పేస్ట్‌గానే పెట్టాలి, గింజలు గొంతుకు అడ్డం పడతాయి. ఇదంతా అలర్జీ రాని పిల్లల సంగతి. ఇప్పటికే ఉన్నవాళ్లకు ఈ పద్ధతి సొంతంగా ప్రయత్నించకూడదు.

ఇంకో సంగతి. పగిలిన చర్మం ద్వారా ఆహార ప్రొటీన్ లోపలికి వెళ్తే అలర్జీ మొదలయ్యే అవకాశం ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. అందుకే ఎగ్జిమాతో ఎర్రబడిన ఒంటికి శనగపిండి నలుగు, నువ్వుల నూనె మర్దనా లాంటివి ఆపి, డాక్టర్ చెప్పిన క్రీమే రాయడం మంచిది.

ఊరటనిచ్చే మాట కూడా ఉంది. పాలు, గుడ్డు అలర్జీలు ఎక్కువమంది పిల్లల్లో పెరిగేకొద్దీ తగ్గిపోతాయి. పల్లీ అలర్జీ మాత్రం సుమారు ఐదుగురిలో ఒకరికే పోతుంది. గుడ్డు అలర్జీ ఉందని ఎంఎంఆర్ టీకా ఆపక్కర్లేదు. చికిత్సలూ వస్తున్నాయి. ఏడాది దాటిన పిల్లలకు ఫుడ్ అలర్జీలో ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ వాడేందుకు అమెరికా ఎఫ్‌డీఏ 2024లో అనుమతించింది. పొరపాటున తిన్నప్పుడు రియాక్షన్ తీవ్రతను తగ్గించడానికే ఇది. ఆ పదార్థాన్ని నిర్భయంగా తినేయడానికి కాదు.

భయంతో బతకాలా?

అక్కర్లేదు. పక్క టేబుల్ మీద పల్లీలు ఉన్నంత మాత్రాన సాధారణంగా ఏమీ కాదు, ప్రమాదం నోట్లోకి వెళ్తేనే. చేపలు, రొయ్యలు వండేటప్పుడు వచ్చే ఆవిరి విషయంలో మాత్రం జాగ్రత్త. బిడ్డను పార్కుకు, పార్టీకి తీసుకెళ్లొచ్చు. ఇంటి నుంచి డబ్బాలో తినుబండారం, చిన్న కేక్ ముక్క, సిరంజి పౌచ్ వెంట ఉంటే చాలు. ఆ రోజు కాపలా అమ్మదా, నాన్నదా అన్నది ముందే అనుకోవాలి. ఇద్దరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు. మూడేళ్లకు బిడ్డకే "అమ్మను అడిగి తింటా" అనడం నేర్పించొచ్చు.

మిగిలింది చుట్టూ ఉన్నవాళ్ల పని. ఈసారి ఫంక్షన్‌లో ఎవరి బిడ్డనైనా ముద్దు చేస్తూ నోట్లో ఏదైనా పెట్టబోయే ముందు ఒక్క మాట అడగండి.. "వీడికి పడనివి ఏమైనా ఉన్నాయా అమ్మా?"

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు, మోతాదు, ఆహార మార్పుల విషయంలో మీ పిల్లల డాక్టర్‌ను సంప్రదించిన తర్వాతే నిర్ణయం తీసుకోండి.