కరివేపాకుపై మూడు రూపాల సీతాకోకచిలుక: ఛాయాచిత్రంతో గుర్తింపు

వినుకొండ పరిసరాల్లో ప్రధానంగా పత్తి, మిరప చేలే కనిపిస్తాయి. అయితే పెరటి కరివేపాకు, నిమ్మ, మారేడు మొక్కలపై పెరిగే ఒక సీతాకోకచిలుక వర్ణవైవిధ్యం దృష్ట్యా విశేషమైనది. కామన్ మార్మన్ అని వ్యవహరించే ఈ పాపిలియో పాలిటిస్ జాతిలో మగవన్నీ ఒకే తీరున ఉంటాయి: నల్లని రెక్కలు, వెనుక రెక్కపై అడ్డంగా తెల్లని మచ్చల వరుస. ఆడవి మాత్రం మన దేశంలో మూడు రూపాలలో లభిస్తాయి. సైరస్ రూపం మగదానిని పోలి ఉంటుంది. స్టికియస్ రూపం కామన్ రోజ్‌ను, రోములస్ రూపం క్రిమ్సన్ రోజ్‌ను అనుకరిస్తాయి. ఆ రెండు రోజ్ జాతులు వేరే ప్రజాతికి చెందినవి.

వేర్వేరుగా కనిపించే ఈ ఆడవన్నీ ఒకే జాతివని ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1865లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. 1913లో ఫ్రయర్ సింహళంలో జరిపిన సంకరణ ప్రయోగాల వలన ఈ రూపాలు వంశపారంపర్యమైనవని రుజువైనది. బెంగళూరుకు చెందిన కృష్ణమేఘ్ కుంటే, సహచరులు 2014లో నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ప్రకారం ఈ అనుకరణను నియంత్రించేది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు. దాని ప్రభావం రెక్కల రంగుపై ఆడవాటిలోనే వ్యక్తమవుతుంది. కనుక ఒకే తల్లి గ్రుడ్ల నుండి రెండు రూపాల కుమార్తెలు రావచ్చును.

అనుకరణకు మూలం ఒక కలుపు మొక్క. నల్లరేగడి చేలలో నేలబారుగా పెరిగే గాడిదగడపాకు రోజ్ జాతుల గొంగళిపురుగులకు ఆహారం. అందులోని విషపదార్థం వాటి శరీరంలో నిలిచి, పక్షులు వాటిని తినకుండా చేస్తుంది. మార్మన్ ఆడది ఆ విషం లేకుండానే ఆ వేషంతో రక్షణ పొందుతున్నది. కలుపు నివారణతో గాడిదగడపాకు తగ్గి, రోజ్ జాతులు అరుదైన చోట ఈ వేషం ఎంతవరకు ఉపకరిస్తుంది? పత్తి ప్రాంతంలో తప్పక పరిశీలించదగిన ప్రశ్న ఇది. దానికి సమాధానం రూపాల నిష్పత్తిలో ఉన్నది. ఆ నిష్పత్తి ఛాయాచిత్రాలు ఎంత నమ్మదగినవన్న దానిపై ఆధారపడుతుంది.

ఇక్కడే పొరపాట్లు జరుగుతున్నాయి. పైనుండి రెక్కలను మాత్రమే తీసిన చిత్రంలో రోములస్‌కు, క్రిమ్సన్ రోజ్‌కు భేదం తెలియకపోవచ్చును. శరీరం చూడవలెను: రోజ్ జాతులలో తల, ఉదరం ఎరుపు, మార్మన్‌లో నలుపు. కావున ప్రక్క నుండి ఉదరం కనబడునట్లు మరొక చిత్రం తప్పనిసరి. పూలపై తేనె త్రాగునపుడు కూడా ఇది రెక్కలాడిస్తూనే ఉంటుంది. షట్టరు వేగం సెకనులో వెయ్యవ వంతుకు తగ్గరాదు. నడిమధ్యాహ్నపు ఎండలో ఎరుపు వెలిసినట్లు పడుతుంది, కొన్ని మొబైల్ కెమెరాలు దానినే మితిమీరి చూపుతాయి. ఉదయపు వెలుగు మేలు. వయసు మీరి పొలుసులు రాలిన రెక్కను కొత్త రూపంగా భ్రమించిన సందర్భాలు లేకపోలేదు. అందుచేత రెక్కల అరుగుదలను కూడా నమోదు చేయవలెను.

అంతకన్న సూక్ష్మమైన దోషం లెక్కింపులో ఉన్నది. ఎర్రని రూపాలే కంటిని ఆకర్షిస్తాయి, వాటినే ఎక్కువగా తీస్తారు. సైరస్ ఆడదానిని మగదిగా లెక్కగట్టి వదలివేస్తారు. వెనుక రెక్క అడుగుభాగంలో స్పష్టమైన ఎర్రని నెలవంకలున్నచో అది సైరస్ ఆడది కావచ్చును. ఈ పక్షపాతాన్ని తగ్గించుటకు సులభమార్గం పెంపకం. కరివేపాకు, నిమ్మ లేత ఆకులపై విడివిడిగా పెట్టిన గ్రుడ్లను సేకరించి, వెలువడిన ప్రతి ఆడదానినీ చిత్రించినచో ఎంపిక దోషం చాలావరకు తొలగుతుంది. విద్యార్థులు ఒక్క సీజనులో చేయదగిన పని ఇది.

విస్తరణ సిబ్బందికి దీనితో నేరుగా సంబంధమున్నది. మార్మన్ గొంగళిపురుగు మొదట పక్షి రెట్టను పోలి, తరువాత ఆకుపచ్చగా మారి నిమ్మ, కరివేపాకు లేత మొక్కల ఆకులను తినివేస్తుంది. కొద్ది మొక్కలున్న చోట చేతితో ఏరివేసిన చాలును. రోజ్ జాతుల ముదురురంగు బుడిపెల పురుగులు మాత్రం గాడిదగడపాకునే తింటాయి, పత్తిని, మిరపను ముట్టవు. రైతు పంపిన చిత్రంలో పురుగు ఏ మొక్కపై ఉన్నదో మొదట అడిగి, తరువాతనే సలహా ఇవ్వవలెను.