గోడ ఎక్కడ కట్టాలో చెప్పే ప్రోటీన్లు

బ్యాక్టీరియాకు లోపల అస్థిపంజరం లాంటిదేమీ ఉండదని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. బయట గట్టి కణకవచం ఉంది కాబట్టి ఆకారం దాని వల్లే వస్తుందన్నారు. ఆ మాటలో సగం నిజముంది. దండాకారపు ఈ-కోలి నుంచి కణకవచాన్ని తీసేస్తే అది గుండ్రంగా మారిపోతుంది. మరి ఆ కవచం తరతరాలుగా దండం ఆకారంలోనే ఎందుకు పెరుగుతోంది?

జవాబుకు దారి చూపింది వేడికి తట్టుకోలేని కొన్ని ఈ-కోలి రకాలు. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర అవి మామూలుగా పెరిగి రెండుగా చీలుతాయి. 42 డిగ్రీలకు చేరిస్తే పెరుగుతూనే ఉంటాయి గానీ చీలడం మానేస్తాయి. సూక్ష్మదర్శినిలో పొట్టి దండాలకు బదులు పొడుగాటి దారాలు కనిపిస్తాయి. డీఎన్‌ఏకు రంగు పట్టించి చూస్తే, ఒక్కో దారం పొడవునా దూరదూరంగా డీఎన్‌ఏ ముద్దలు ఉంటాయి. జన్యువుల పంపకం పూర్తయినా మధ్య గోడ మాత్రం లేవలేదన్నమాట.

ఈ రకాల్లో దెబ్బతిన్న జన్యువుల్లో ఒకటి తయారుచేసే ప్రోటీన్ ఎఫ్‌టీఎస్‌జెడ్. 1991లో ఎర్ఫీ బీ, జో లట్కెన్‌హాస్ బంగారు రేణువులు తగిలించిన ప్రతిదేహాలతో దాని జాడ తీశారు. కణం చీలబోయే చోట అది లోపలి అంచున ఉంగరంలా చుట్టుకుని ఉంది! 1998లో దాని నిర్మాణం తేలినప్పుడు, మన కణాల్లోని ప్రోటీన్ ట్యుబ్యులిన్‌తో దగ్గరి పోలిక బయటపడింది.

ఈ ఉంగరం కదలకుండా ఉండదు. అందులోని పోగులు ఒక కొసన కొత్త అణువులను చేర్చుకుంటూ, రెండో కొసన పాతవాటిని వదిలేస్తూ కణం నడుము చుట్టూ జరుగుతుంటాయి. వీటి కదలిక గోడ అల్లే ఎంజైములను అడ్డుగోడ పొడవునా సర్దుతుందని 2017లో తేలింది. ఇది బరువు మోసే స్తంభం కన్నా, కూలీలను వెంటబెట్టుకుని తిరిగే మేస్త్రీకే దగ్గర.

సరిగ్గా మధ్యభాగం ఎక్కడుందో ఉంగరానికెలా తెలుస్తుంది? నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది ఇదే. ఈ-కోలిలో మిన్ ప్రోటీన్లు ఒక కొస నుంచి మరో కొసకు, తిరిగి వెనక్కి, దాదాపు నిమిషానికోసారి ఊగుతుంటాయి. అవి ఉన్నచోట ఉంగరం ఏర్పడనివ్వవు. సగటున చూస్తే అవి అతి తక్కువగా ఉండేది నడుమనే. కొలబద్ద లేకుండానే కొలత కుదిరిపోతుంది.

పక్కగోడల సంగతి చూసేది ఎమ్ఆర్ఈబీ అనే ప్రోటీన్. ఇది మన కండరాల్లోని యాక్టిన్‌కు బంధువు. 2001లో బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలో చూసినప్పుడు ఇది కొస నుంచి కొసకు స్ప్రింగులా చుట్టుకుని ఉందనుకున్నారు. 2011 నాటికి, చిన్నచిన్న ముక్కలుగా కణం చుట్టూ అడ్డంగా తిరుగుతోందని తెలిసింది. ఏ22 అనే రసాయనంతో దాన్ని అడ్డుకుంటే ఈ-కోలి గుండ్రంగా తయారవుతుంది. సహజంగానే గుండ్రంగా ఉండే స్టెఫిలోకాకస్‌లో ఎమ్ఆర్ఈబీ లేనే లేదు. కాలోబాక్టర్ అనే బ్యాక్టీరియాకు కొడవలి వంపునిచ్చేది క్రెసెంటిన్ అనే మరో ప్రోటీన్. అది లోపిస్తే ఆ కణం నిటారుగా పెరుగుతుంది.

వైద్యానికీ ఇందులో ఆశ ఉంది. మన కణాలు చీలడానికి ఎఫ్‌టీఎస్‌జెడ్ అవసరం లేదు. అందుకే దాన్ని అడ్డుకునే మందు బ్యాక్టీరియానే దెబ్బతీయాలి. పీసీ190723 అనే పదార్థం స్టెఫిలోకాకస్ సోకిన ఎలుకలను కాపాడిందని 2008లో ప్రచురితమైంది. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్న ఈ రోజుల్లో ఈ పరిశోధనకు మరింత ఊతం దక్కాలి. ట్యుబ్యులిన్‌తో ఉన్న బంధుత్వం వల్ల, కొత్త పదార్థం దొరికిన ప్రతిసారీ అది మన కణాల జోలికి పోదని ముందుగా రుజువు చేసుకోవాల్సి ఉంటుంది.