ట్రాక్టర్ మనది, ఆర్సీ ఎవరిది?

జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ తయారైన కొత్త బండ్లు లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతాయి. అదే సంగారెడ్డి జిల్లాలో రెండెకరాల అసైన్డ్ భూమి ఉన్న దళిత రైతు వాకిట్లోకి ట్రాక్టర్ వచ్చేసరికి అది ముగ్గురు నలుగురి చేతులు మారి ఉంటుంది.

రెండెకరాలకు సొంత ట్రాక్టర్ గిట్టదు, నిజమే. అయినా మా వాళ్లు ఎందుకు కొంటున్నారు? వాన పడ్డాక అదును నాలుగు రోజులే. కిరాయి ట్రాక్టర్ ముందు దాని యజమాని చేలోకి పోతుంది, తర్వాత ఆయన చుట్టాల చేలలోకి. మా వాడ చెలకల వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. అందుకే నలుగురు కలిసి డబ్బు పోగేసి పాత బండి కొంటున్నారు. ఇంజిన్ చూసిపెట్టడానికి తెలిసిన మెకానిక్ ఎవరో ఒకరు దొరుకుతారు. కాగితాలు చూసేవాళ్లే దొరకరు.

స్టాంపు కాగితం మీద రాసుకుని, సాక్షి సంతకాలు పెట్టించి, బండి తోలుకొచ్చేస్తే కొన్నట్టేనని మన ఊళ్లలో నమ్మకం. చట్టం అలా చూడదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాళ్లదే బాధ్యత. కాబట్టి పేరు మార్చడం అమ్మేవాళ్లకూ అవసరమేనని బేరంలోనే చెప్పొచ్చు.

అసలు దెబ్బ ఫైనాన్స్ దగ్గర తగులుతుంది. పాత యజమాని కిస్తీలు మిగిలి ఉంటే, ఫైనాన్స్ వాళ్లు బండిని మన చేలోంచే తోలుకుపోతారు. మన చేతిలో స్టాంపు కాగితం మిగులుతుంది. ఆర్సీ మీద ఫైనాన్స్ పేరుందో లేదో చూడండి. ఉంటే అప్పు తీరినట్టు వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 కావాలి. పేరు మారడానికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవాళ్ల సంతకాలు కావాలి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో అంకె అంకె సరిపోల్చుకోండి. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాన్ని చాలామంది అడగనే అడగరు.

జహీరాబాద్, న్యాల్‌కల్ వైపు బీదర్ బండ్లు కూడా బేరానికి వస్తాయి. నంబరు కేఏ 38తో మొదలైతే బీదర్ ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. మన రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. ధర తక్కువని మురిసేముందు ఈ ఖర్చు కలిపి చూడండి.

పటాన్‌చెరు పారిశ్రామికవాడ చుట్టుపక్కల అమ్మకానికొచ్చే బండి పొలం దున్నిందో, నీళ్ల ట్యాంకరో మట్టి ట్రాలీయో లాగిందో కనుక్కోండి. రోడ్డు మీద బరువులు లాగిన బండికి క్లచ్, బ్రేకులు, వెనక టైర్లు అరిగిపోతాయి. కొత్త రంగు వేస్తే అవేమీ కనపడవు. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయించండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఇంజిన్ ఆయిల్ పాల రంగుకు తిరిగితే అందులో నీళ్లు కలిసినట్టు. కల్టివేటర్ తగిలించి పైకి లేపి ఇంజిన్ ఆపండి. అది వెంటనే కిందికి జారితే హైడ్రాలిక్ పని ఉంది.

బీమా సంగతి మాకు మరీ ముఖ్యం. ట్రాక్టర్‌కు ఉండేది డ్రైవర్ సీటొక్కటే. పత్తి ఏరడానికి ట్రాలీలో కూర్చుని పోయేది ఎక్కువగా మా ఆడవాళ్లు. ట్రాలీ బోల్తా పడి పరిహారం అడిగితే, వాళ్లను ఎక్కించుకోవడానికి అనుమతి లేదన్నది బీమా కంపెనీ తెచ్చే మొదటి అభ్యంతరం. పాలసీ ఎవరి పేరున ఉంది, ట్రాలీకి వర్తిస్తుందా, కూలీలకు వర్తిస్తుందా అన్నది కొనకముందే చదివించుకోండి.

2021లో మొదలైన దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలిచ్చారు. ఆ డబ్బుతో ట్రాక్టర్లు తీసుకున్నవాళ్లున్నారు. అలాంటి బండి బేరానికొస్తే ఎస్సీ కార్పొరేషన్ కార్యాలయంలో అడగకుండా బయానా ఇవ్వొద్దు. ఆ బండ్లు చవకగా పెద్ద రైతుల కొట్టాల్లోకి చేరితే పథకం పేరు మాత్రమే మాకు మిగులుతుంది.

నలుగురు కలిసి కొన్నా ఆర్సీలో ఉండేది ఒక్క పేరే. మిగతా ముగ్గురి వాటా, దున్నకాల వరస, రిపేరు ఖర్చు కాగితం మీద రాసుకోవాలి. ఆ ఒక్క పేరు ఎవరిదన్నదీ మాట్లాడుకోవాలి. 2014 ఆగస్టు 15న మొదలైన మూడెకరాల పథకంలో భూమి పట్టా దళిత మహిళ పేరునే ఇచ్చారు. అదే భూమి దున్నే ట్రాక్టర్ దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ల పేరు తప్ప మరొకటి తట్టదు. ఆమె పేరున ఆర్సీ తీసుకోవడానికి చట్టంలో అడ్డేమీ లేదు.

బయానా కొద్దిగానే ఇవ్వండి, రసీదు తీసుకోండి. పేరు మారిన ఆర్సీ చేతికొచ్చేదాకా కొంత సొమ్ము ఆపుకుంటామని మొదటి రోజే చెప్పండి. దానికి ఒప్పుకోని దళారి చూపించే బండిని వదిలేయడమే మేలు.