ఖాళీ చేసిన డిస్కులో పాత ఆనవాళ్లు.. ఇన్‌స్టాలేషన్‌కు ఆటంకం

డేటా కేంద్రాల్లోని సర్వర్లలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను సాధారణంగా మనుషుల ప్రమేయం లేకుండా, ముందే సిద్ధం చేసిన జవాబుల ఫైలు ఆధారంగా ఇన్‌స్టాల్ చేస్తారు. రెడ్‌హ్యాట్ లినక్స్‌లో ఈ విధానాన్ని కిక్‌స్టార్ట్ అని, డెబియన్‌లో ప్రీసీడ్ అని వ్యవహరిస్తారు. అయితే గతంలో వాడిన డిస్కును తిరిగి అమర్చినప్పుడు, అందులో మిగిలిపోయిన మెటాడేటా కారణంగా ఈ ప్రక్రియ మధ్యలోనే నిలిచిపోవచ్చు.

డిస్కులోని విభాగాల హద్దులను, ఆ డిస్కు ఏ రెయిడ్ సమూహానికి చెందినదనే వివరాన్ని తెలిపే సమాచారమే ఈ మెటాడేటా. డిస్కు ప్రారంభ భాగాన్ని చెరిపేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. జీపీటీ విభాగాల పట్టికకు రెండో ప్రతి డిస్కు చివర ఉంటుంది. లినక్స్ రెయిడ్ 0.90, 1.0 రూపాల మెటాడేటా కూడా అక్కడే ఉంటుంది. దాన్ని గుర్తించిన వ్యవస్థ పాత సమూహాన్ని తిరిగి క్రియాశీలం చేస్తే, డిస్కు వాడుకలో ఉందంటూ కొత్త విభజన విఫలమవుతుంది. అక్కడ జవాబిచ్చే మనిషి ఉండడు కనుక యంత్రం అలాగే నిలిచిపోతుంది.

పాత సమూహాన్ని ముందుగా ఆపి, ‘వైప్‌ఎఫ్‌ఎస్’ వంటి ఆదేశంతో ఆనవాళ్లను తొలగించడమే దీనికి పరిష్కారం. కానీ రీబూట్ తర్వాత డిస్కుల పేర్లు మారవచ్చు. అందువల్ల క్రమసంఖ్య ఆధారంగా డిస్కును గుర్తించడం తప్పనిసరి. లేకుంటే విలువైన డేటా ఉన్న డిస్కే చెరిగిపోయే ప్రమాదం ఉంది.