పొట్లంలో పిండి, చేతిలో వాసి

తెలుగులో 'హస్తవాసి' అని ఒక చక్కని మాట ఉన్నది. వైద్యుని విషయంలోను, వంట చేసే ఇల్లాలి విషయంలోను మనవారు ఈ మాటను వాడుతారు. దినుసులు ఒకటే, పొయ్యి ఒకటే. అయినా ఒకరి చేతిలో వంట పండుతుంది, మరొకరి చేతిలో చెడుతుంది. ఈ వాసి ఎక్కడినుండి వస్తుంది? నేర్చుకొంటే వచ్చునా, అంగడిలో కొంటే దొరకునా? ప్రశ్న పాతదే. కాని ఈనాడు దానికి కొత్త సందర్భం ఒకటి ఏర్పడినది. కుకీలనే బిస్కత్తులను ఇంట్లో చేసుకొనడానికి వలసిన మైదా, చక్కెర, సోడా, సువాసన ద్రవ్యం అన్నీ తగుపాళ్లలో కలిపి పొట్లం కట్టి అమ్ముతున్నారు. వెన్న, పాలు చేర్చి కాల్చుకొనడమే మనకు మిగిలిన పని. అట్లయితే హస్తవాసి కూడ ఆ పొట్లంలోనే వచ్చి చేరినదా?

రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలంలోని మోకిల వంటి ఊళ్లో ఈ ప్రశ్న మరింత స్పష్టంగా ఎదురవుతుంది. నిన్నమొన్నటి వరకు ఇది చేల నడుమ పల్లె. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థవారు ఇక్కడి ఇండ్లస్థలాలను వేలం వేసినారు. ఇప్పుడు పొలాల ప్రక్కన విల్లాలు వరుసలు తీరినవి. ఒక ఇంట జొన్నరొట్టె తట్టే చప్పుడు, మరొక ఇంట ఓవెను గంట వినబడుతాయి. రెండు తరాల వంట ఒకే ఊళ్లో ఇరుగుపొరుగుగా ఉన్నది.

నిజానికి కలిపి ఉంచిన పిండి మనకు కొత్త కాదు. తొలి ఏకాదశినాడు తినే పేలపిండి ఏమిటి? జొన్న పేలాలను విసిరి, బెల్లం చేర్చి సిద్ధం చేసిన పిండియే కదా. బతుకమ్మ పండుగకు చేసే సత్తుపిండి కూడ అట్టిదే. అయితే వాటిని కలిపినది మన ఇంటివారి చేయి. బిస్కత్తు సంగతి వేరు. మన వంటలో ఉడికించడం, వేయించడం, ఆవిరి పట్టడం ఉన్నవి. నలువైపులనుండి వేడి తగిలేటట్లు కాల్చే భట్టీ మాత్రం సామాన్యంగా మన ఇండ్లలో లేదు. అందుచేత హైదరాబాదువారు ఇరానీ చాయలో ముంచి తినే ఉస్మానియా బిస్కత్తు బేకరీనుండియే ఇంటికి వచ్చినది. అమ్మమ్మలు అరిసెల పాకం నేర్పినారు గాని బిస్కత్తు నేర్పలేదు. ఆ లోటునే ఈ పొట్లం పూడ్చుతున్నది.

ఇట్టి పొట్లాల చరిత్రలో ఒక చిత్రమైన ఘట్టం ఉన్నది. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరంలో డఫ్ అండ్ సన్స్ అనే సంస్థ మొలాసిస్, అనగా చెరకు మడ్డి, వ్యాపారం చేసేది. ఆ మడ్డిని పిండితో కలిపి ఎండబెట్టి, అల్లపు కేకు చేసుకొనే పొడిగా తయారుచేసే పద్ధతికి 1933లో వారు పేటెంటు పొందినారు. మొదటి పొడిలో గ్రుడ్డు కూడ ఎండు రూపంలో ఉన్నది; నీళ్లు పోస్తే చాలును. కాని 1935 నాటి మరొక పేటెంటులో వారే పద్ధతి మార్చి, తాజా గ్రుడ్డు చేర్చుకొనే పనిని ఇల్లాలికే విడిచిపెట్టినారు. గృహిణులు తాజా గ్రుడ్డునే కోరుతారని వారు గ్రహించినారు. అన్నీ చేసి ఇవ్వగలిగినవారే కొంత పనిని కావలెనని మిగిల్చినారన్నమాట.

ఆ మిగిలిన పనిలో ఏమున్నదో చూడవలెనని మోకిలలోని మా ఇంట ఒక పొట్లం తెప్పించి పరీక్ష చేసినాము. పరీక్షాధికారిణి ఎనిమిదవ తరగతి చదివే మా అమ్మాయి. పర్యవేక్షకురాలు ఆమె నానమ్మ. ముందుగా పొట్లం వెనుక వ్రాత చదివినాము. మన ఆహార నియమాల ప్రకారం పదార్థాలను బరువులో ఎక్కువైన దానితో మొదలుపెట్టి, క్రమంగా తక్కువైన దానివరకు వ్రాయవలెను. మైదా వెంటనే చక్కెర పేరు ఉన్నదంటే, తక్కిన వాటన్నిటికంటె చక్కెరయే ఎక్కువ అని అర్థం. 500 అనే అంకె వంటసోడా మొదలైన సోడియం కార్బొనేటులకు, 322 అనే అంకె నూనెను నీటితో కలిపి ఉంచే లెసిథినుకు అంతర్జాతీయ సంకేతాలు. రసాయనశాస్త్ర పాఠం వంటగది అలమారలోనే దొరికినది.

రెండువందల గ్రాముల పిండిలో ఎనభై గ్రాముల వెన్న, రెండు చెంచాల పాలు చేర్చి ముద్ద చేసి మూడు భాగాలు చేసినాము. మొదటి భాగాన్ని నిమ్మకాయంత ఉండలు చేసి వెంటనే కాల్చినాము. రెండవ భాగాన్ని అరగంట శీతలపేటికలో ఉంచి కాల్చినాము. మూడవ దానిలో మరొక చెంచా పాలు పోసి, చపాతీ పిండివలె అయిదు నిమిషాలు పిసికి కాల్చినాము. మందపాటి గిన్నెలో ఉప్పు పరచి, ముక్కాలిపీట వంటి చట్రం పెట్టి, మూతవేసి పది నిమిషాలు ముందుగా కాచినాము. ఇదియే మా భట్టీ. ఉండలను పళ్లెంలో పేర్చి ఆ చట్రంమీద ఉంచినాము. మూడింటికీ కాల్చిన సమయం పదిహేను నిమిషాలే.

ఫలితం చూడండి. మొదటివి పరచుకొని పలుచనైనవి. రెండవవి గుండ్రని రూపం నిలుపుకొని, నోట వేసుకొంటే గుల్లగా విరిగినవి. మూడవవి గట్టిపడి, సాగినవి. పొట్లం ఒకటే; వచ్చినవి మూడు తీరుల బిస్కత్తులు.

కారణం కష్టమైనది కాదు. వెన్న సుమారు 35 డిగ్రీల లోపలనే కరుగుతుంది. మన వేసవిలో గది వేడికే అది జారిపోతుంది. మెత్తని ముద్దలో పిండి గట్టిపడకముందే వెన్న కరిగి, ఉండ పరచుకొంటుంది. చల్లబరచిన ముద్దలో వెన్న ఆలస్యంగా కరుగుతుంది గనుక రూపం నిలుస్తుంది. మైదాలోని మాంసకృత్తులకు నీరు తగిలి, పైన పిసుకుడు తోడైతే గ్లూటెన్ అనే సాగే జిగురు పెరుగుతుంది. చపాతీకి అదే గుణం, బిస్కత్తుకు అదే దోషం. సోడా వేడికి బొగ్గుపులుసు వాయువును విడిచి ముద్దను గుల్లపరుస్తుంది. పైన కనబడే గోధుమవన్నె, కమ్మని వాసన చాలవరకు చక్కెరలు, మాంసకృత్తులు వేడిలో కలిసి జరిపే చర్య ఫలితం. దానిని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ పేరుతోనే నేటికీ పిలుస్తున్నారు.

ఇక మంట. పొట్లంమీద '180 డిగ్రీలు' అని అచ్చువేసి ఉన్నది. మా గిన్నెకు ఉష్ణమాపకం లేదు. అమ్మాయి దిక్కులు చూస్తూ ఉంటే నానమ్మ నవ్వి, "అంకెలెందుకు బిడ్డా, చిటికెడు పిండి చల్లి సూడు. జల్ది మాడితె మంట ఎక్కువున్నట్టు, మెల్లగ ఎర్రబడితె సరిపోయినట్టు" అన్నది. బిస్కత్తులు బయటికి తీసినప్పుడు మెత్తగా ఉన్నవి. "ఇంక కాలలేదు నానమ్మా, మళ్లీ పెడుదామా?" అని అమ్మాయి అడిగినది. "ఆగు బిడ్డా, సల్లారనియ్యి. పాకం గూడ పొయ్యి మీద పలుచగనె ఉంటది" అన్నది ఆమె. పది నిమిషాలలో అవి బిగిసినవి. జీవితంలో ఎన్నడూ బిస్కత్తు కాల్చని మనిషి, పాకం తెలిసినందువల్ల బిస్కత్తును తెలుసుకొన్నది. హస్తవాసి అనగా ఇదే. అది ఏ ఒక్క వంటకూ అంటిపెట్టుకొని ఉండదు. కంటితో, వేలితో, ముక్కుతో పరీక్షించే అలవాటుగా ఉండి, ఒక వంటనుండి మరొక వంటకు వెళ్లగలుగుతుంది.

జొన్నరొట్టె ఇందుకు మరొక సాక్ష్యం. జొన్నలో గ్లూటెన్ లేదు. అందుచేత చన్నీళ్లతో కలిపిన పిండి తట్టబోతే చీలిపోతుంది. వేడినీళ్లు పోస్తే పిండిపదార్థం ఉబ్బి జిగి వస్తుంది. అప్పుడు రొట్టె నిలుస్తుంది. ఈ శాస్త్రం పేరు తెలియకుండానే చేవెళ్ల ప్రాంతపు స్త్రీలు దాని ఫలం అనుభవించినారు. మోకిలకు దూరం కాని రాజేంద్రనగరంలో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్నది. జొన్నతోను, ఇతర చిరుధాన్యాలతోను బిస్కత్తులు మొదలైనవి చేసే పద్ధతులను ఆ సంస్థవారు రూపొందించినారు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినది. ఈ చేలలో పండే గింజ రేపు మన బిస్కత్తు పొట్లంలోకి వస్తే మంచిదే. కాని దానిని విరగకుండా నిలిపే నేర్పు కొంతైనా ఇంటిచేతిలో మిగిలి ఉండవలెను.

ఉపాధ్యాయులకు ఈ పొట్లం ఒక పాత మిత్రుని జ్ఞాపకం తేవచ్చును. అదే పరీక్షల గైడు. గైడు కూడ పొట్లమే. పాళ్లు కుదిర్చి, జవాబులు కలిపి, కట్టి ఇస్తుంది. దానిని చూచిన విద్యార్థి పరీక్ష దాటవచ్చును. ప్రశ్న కొద్దిగా మారితే మాత్రం, గది వేడికి కరిగిన వెన్నవలె అతని జవాబు జారిపోతుంది. గైడు విప్పి, ఈ జవాబు ఇట్లే ఎందుకు ఉన్నదని అడిగిన విద్యార్థికి అదే గైడు గురువవుతుంది. దోషం పొట్లంలో లేదు, అడగకపోవడంలో ఉన్నది.

పొట్లం వల్ల మేలు కూడ ఉన్నదని ఒప్పుకొనవలెను. ఉద్యోగం చేసి అలసి వచ్చిన తల్లికి అది సమయం మిగుల్చుతుంది. ఎన్నడూ పొయ్యి దగ్గరికి రాని మగపిల్లవానికి ధైర్యం ఇస్తుంది. కొలతలు తప్పే భయం లేదు గనుక వాని దృష్టి వేడిమీద, సమయంమీద నిలుస్తుంది. ఒక్క దానిని మాత్రమే మార్చి, తక్కిన వాటిని మార్చకుండా చూడడమే ప్రయోగమని బోధించడానికి ఇంతకంటె చౌకైన ప్రయోగశాల అరుదు. పచ్చిముద్దను నోట వేసుకొనరాదనీ, వేడి గిన్నెను పెద్దలే దించవలెననీ హెచ్చరిస్తే చాలును.

పాళ్లను అచ్చువేయవచ్చును, పొట్లం కట్టి దేశదేశాలకు పంపవచ్చును. పిండి ఎర్రబడే క్షణాన్ని కనిపెట్టే కన్ను మాత్రం ఒకరి ప్రక్కన మరొకరు నిలిచి నేర్చుకొనవలసినదే. పొట్లం కొనడంలో తప్పులేదు. అది విప్పేటప్పుడు పిల్లలను ప్రక్కన నిలుపుకొంటే, అంగడి అమ్మని సరుకు కూడ ఆ ఇంట చేరుతుంది.